పెద్ద టైర్లు కొనుటకు ముందు ఇరుసులోని పండ్ల లెక్క చూడవలయును

ట్రాక్టరులకును జీపులకును కంపెనీవారు వేసి పంపిన టైర్లను తీసివైచి, వానికంటె పెద్దవి వేయించు వాడుక మన పల్లెలలో కలదు. దమ్ములో చక్రము దిగబడకుండుటకని కొందఱు, కాలువగట్ల గుంటలలో బండి అడుగు నేలకు తగులకుండుటకని కొందఱు, చూపునకు ఠీవిగా నుండునని మఱికొందఱు ఈ పనికి పూనుకొనుచున్నారు. చేత సొమ్ము లేనివారు అప్పుచేసియైనను వేయించుచున్నారు.

పెద్ద టైరు వేయించుట చెడ్డపని యని నేను చెప్పుట లేదు. కాని టైరు కొలతయు, ఇరుసులోని పండ్ల చక్రముల నిష్పత్తియు ఒక్క బేరములోని రెండు భాగములు. ఒకదానిని మార్చి రెండవదానిని తలపనివాడు వెల రెండు మారులు చెల్లించును. మొదటిసారి టైర్ల దుకాణములో, రెండవసారి మరమ్మతు షెడ్డులో. కావున లెక్క చూపని టైర్ల అప్పును సహకార సంఘములు మంజూరు చేయరాదనియు, ఆ లెక్క ప్రతి సభ్యుడును నేర్వదగినంత సులభమైనదే యనియు ఈ వ్యాసమున మనవి చేయుచున్నాను.

బండి చక్రము వేఱు, ట్రాక్టరు చక్రము వేఱు

ఈ విషయమున మన రైతులకు కలుగు భ్రమకు మూలము ఎద్దుబండి. బండి చక్రము పెద్దదైనకొలది గుంటలను సులభముగా దాటుననియు, ఎడ్లకు శ్రమ తగ్గుననియు తాతల నాటినుండి మన మెఱిగిన మాట. అది సత్యమే. అయితే ఎద్దుబండిలో చక్రమును త్రిప్పునది ఏది? ఎడ్లు కాడిని లాగగా, కాడి నొగను, నొగ ఇరుసును ముందుకు లాగును. ఇరుసు సాగుచుండగా నేల ఆనికవలన చక్రము తనంతట తిరుగును. అచ్చట చక్రము లాగబడునదే కాని త్రిప్పబడునది కాదు.

ట్రాక్టరులో వ్యవహారము తలక్రిందులు. ఇంజను ఇరుసును త్రిప్పును. ఆ త్రిప్పుడు చక్రపు అంచువఱకు పోయి నేలను వెనుకకు త్రోయును. దానివలన బండి ముందుకు సాగును. ఇరుసు నడిమినుండి నేలవఱకు గల దూరము ఎంత పెరిగిన, నేలను త్రోయు బలము ఆ పాళముననే తగ్గును. నూతిమీది దూలమునకు త్రాడు చుట్టి, పిడితో త్రిప్పి నీరు తోడుట చూచినవారికి ఇది తేలికగా బోధపడును. దూలము లావైనచో ఒక్క చుట్టుకు ఎక్కువ త్రాడు పైకి వచ్చును. కాని పిడి త్రిప్పువాని చేతికి బరువు హెచ్చును. దూలము సన్ననిదైనచో చుట్లు ఎక్కువ, చేతికి శ్రమ తక్కువ. పెద్ద టైరు లావు దూలము వంటిది. ఒక్క చుట్టుకు ఎక్కువ దూరము పోవును. ఆ చుట్టు త్రిప్పుటకు ఎక్కువ బలము కోరును. ఆ బలమును ఎచ్చటినుండి తెత్తుమన్నదే ప్రశ్న.

ఇరుసులో నున్న లెక్క

గేరుబాక్సు దాటి వచ్చిన షాఫ్టు కొనయందు ఒక చిన్న పండ్ల చక్రము ఉండును. అది ఇరుసు నడుమనున్న పెద్ద పండ్ల చక్రమును త్రిప్పును. మన మెకానిక్కులు చిన్నదానిని పినియను అనియు, పెద్దదానిని క్రౌను అనియు, జతను క్రౌన్ పినియను అనియు అందురు. క్రౌను పండ్ల సంఖ్యను పినియను పండ్ల సంఖ్యచే భాగింపగా వచ్చునదే ఇరుసు నిష్పత్తి. పినియనుకు 8 పండ్లు, క్రౌనుకు 39 పండ్లు ఉన్నచో నిష్పత్తి 4.875, అనగా షాఫ్టు ఇంచుమించు అయిదు చుట్లు తిరిగిన గాని చక్రము ఒక్క చుట్టు తిరుగదు. ఈ సంఖ్య పెరిగినకొలది వేగము తగ్గి బలము హెచ్చును. ట్రాక్టరులో దీని తరువాత చక్రము చెంత మఱియొక తగ్గింపు పండ్ల జత కూడ ఉండును. సూత్రము మాత్రము ఒక్కటే.

బండి తయారుచేయువారు ఈ సంఖ్యను ఊరక నిర్ణయింపరు. ఇంజను బలము, బండి బరువు, టైరు కొలత, చేయవలసిన పని, ఈ నాలుగును తూచి నిర్ణయింతురు. దీనికి జీపు కథ మంచి నిదర్శనము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున 1941 మొదలు 1945 వఱకు అమెరికాలో విల్లీసు, ఫోర్డు కంపెనీలవారు సైన్యమునకు తయారుచేసిన జీపునకు పైన చెప్పిన 39, 8 పండ్ల జతయే ఉండెను. దాని టైరు కొలత 6.00-16, మన ట్రాక్టరుల ముందు చక్రములకు తఱచు కనబడు కొలతయే అది. 1945లో విల్లీసు కంపెనీవారు ఆ బండినే రైతులకు అమ్మదలచి, సీజే-2ఏ అను పేర బయటికి తెచ్చిరి. టైరు కొలతను 6.00-16 గానే ఉంచి, పినియను 8 పండ్లతోనే ఉంచి, క్రౌను పండ్లను మాత్రము 39 నుండి 43కు పెంచిరి. నిష్పత్తి 5.375 అయినది. దానికి తోడు ముందు వెనుక ఇరుసులకు బలమును పంచు పెట్టెలోని తక్కువ గేరును కూడ 1.97 నుండి 2.43కు మార్చిరి. ఈ రెండు మార్పులును కలిసి, ఆ తక్కువ గేరులో ఇంజను బలమును మూడవవంతునకు పైగా హెచ్చించినవి.

ఎందుకు మార్చిరి? సైనికుడు రోడ్డుమీద వేగముగా పోవలయును. రైతు నాగలి లాగవలయును. టైరు మారకున్నను పని మారినంతనే ఇరుసు పండ్లు మార్చిరే, టైరునే మార్చు మనము ఇరుసు మాట తలపకుండుట ఎట్లు పాడియగును?

లెక్క వేయు విధము

సూత్రము ఒక్క వాక్యమున చెప్పవచ్చును. పాత నిష్పత్తిని క్రొత్త టైరు ఎత్తుచే గుణించి, పాత టైరు ఎత్తుచే భాగింపుడు. వచ్చినది క్రొత్త టైరునకు కావలసిన నిష్పత్తి.

4.875 నిష్పత్తి గల జీపునకు 28 అంగుళముల చక్రము తీసి 31 అంగుళముల చక్రము వేసితిమని అనుకొందము. ఒక్క చుట్టుకు పోవు దూరము నూటికి దాదాపు 11 వంతులు పెరుగును. నేలను త్రోయు బలము నూటికి దాదాపు 10 వంతులు తగ్గును. 4.875ను 31చే గుణించి 28చే భాగించిన 5.40 వచ్చును. రైతు జీపులోని 43, 8 పండ్ల జత 5.375, కావలసినదానికి వెండ్రుకవాసి తక్కువ. అది వేసినచో బండి మునుపటివలెనే నడచును. అదే బండికి 33 అంగుళముల చక్రము వేసినచో 5.75 కావలయును, 43 పండ్ల క్రౌను వేసినను నూటికి ఆఱు వంతులకు పైగా కొఱత మిగులును.

లెక్కకు వచ్చిన సంఖ్యయే తుది మాట కాదు. కొండవాగులు దాటుచు మన్యపు సంతలకు సరకు మోయు జీపునకు ఆ సంఖ్యకంటె కొంచెము హెచ్చు నిష్పత్తి మేలు. పెద్ద రోడ్డుమీదనే యెక్కువగా తిరుగు బండికి కొంచెము తక్కువది మేలు. లేనిచో ఇంజను ఎల్లప్పుడును అధిక వేగమున తిరుగుచు నూనె కాల్చును. నిష్పత్తిని పెంచుటకును హద్దు కలదు. అదే ఇరుసు పెట్టెలో ఇమిడిన క్రౌనుకు పండ్లు పెంచినచో ఒక్కొక్క పన్ను సన్ననగును. లేదా పినియను చిన్నదగును. ఏదైనను తునుగు భయము హెచ్చును. కావున ఎంత పెద్ద టైరుకైనను తగిన పండ్లు దొరకునని తలపరాదు.

మార్చునపుడు మూడు విషయములు మఱవరాదు. నాలుగు చక్రములను ఇంజను త్రిప్పు జీపునకు ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును ఒకే నిష్పత్తి ఉండవలయును. క్రౌనును పినియనును కార్ఖానాలో జతగా ఒరపిడి పెట్టి పంపుదురు; ఒక జతలోని క్రౌనును వేఱొక జతలోని పినియనుతో కలుపరాదు. పండ్ల నడుమ ఉండవలసిన సందును కొలిచి బిగింపగల పనివానికే ఈ పని ఒప్పగింపవలయును; సుత్తితోను కంటిచూపుతోను అగు పని కాదు.

ఇంతకును ప్రతి చిన్న భేదమునకును ఇరుసు విప్పవలసిన పనిలేదు. నా అభిప్రాయమున నూటికి మూడు వంతుల లోపు మార్పును లెక్కింప నక్కఱలేదు. అయిదు వంతులవఱకు ఒక గేరు తగ్గించి నడుపుకొని సర్దుకొనవచ్చును. పది వంతులకు చేరినచో పండ్లు మార్చకుండ టైరు మార్చుట తెలివితక్కువ.

ట్రాక్టరు మాట

జీపునకు వేఱువేఱు నిష్పత్తుల జతలు దొరకవచ్చును. ట్రాక్టరునందు ఇరుసు నిష్పత్తిని మార్చుట సామాన్యముగ రైతు చేతిలోని పని కాదు. కంపెనీవారు తమ పుస్తకమున ఈ మోడలునకు ఈ యీ టైర్లు తగునని పట్టిక ఇత్తురు. మన స్వేచ్ఛ ఆ పట్టికకు లోబడినది. కావున ట్రాక్టరు విషయమున ప్రశ్న ఏ పండ్లు వేయవలయునని కాదు. ఉన్న పండ్లకు ఏ టైరు తగునని.

వెనుక టైర్ల కొలతలలో 13.6-28, 14.9-28, 16.9-28 అనునవి మనకు పరిచితములు. మొదటి సంఖ్య టైరు వెడల్పు, రెండవది రిమ్ము అడ్డుకొలత, రెండును అంగుళములలో. రెండవ సంఖ్య మూడింటికిని 28 గనుక ఎత్తు మారదని కొందఱు భ్రమపడుదురు. వెడల్పు పెరిగిన టైరునకు ఎత్తును పెరుగును. తయారీదారును బట్టి స్వల్ప భేదముండినను, వీని ఎత్తులు సుమారు 51½, 53¾, 56½ అంగుళములు. 13.6 తీసి 14.9 వేసినచో మార్పు నూటికి 4 వంతులు. 16.9 వేసినచో మార్పు నూటికి తొమ్మిది వంతులు దాటి పదికి చేరువగును. మొదటిదానిని ఓర్వవచ్చును, రెండవదానిని కంపెనీ పట్టిక అనుమతించిననే గాని ఓర్వరాదు. రిమ్ము వెడల్పు కూడ టైరునకు తగియుండవలయునని వేఱుగ చెప్పనక్కఱలేదు.

నాలుగు చక్రములను ఇంజను త్రిప్పు ట్రాక్టరులకు చిక్కు ఇంకను పెద్దది. వీనిలో ముందు చక్రములు వెనుక చక్రములకంటె చిన్నవి. ముందు ఇరుసు పండ్లును వెనుక ఇరుసు పండ్లును ఆ రెండు టైర్ల కొలతలకు సరిగా అమర్చబడియుండును. అట్లు అమర్చునపుడు ముందు చక్రములు వెనుకవానికంటె నూటికి ఒకటి మొదలు అయిదు వంతులవఱకు త్వరగా నడచునట్లు చేయుదురు. అందువలననే అవి బండిని ముందుకు లాగును. వెనుక టైర్లు మాత్రము పెద్దవి చేసినచో ఈ ముందడుగు మాయమగును.

దీనిని సుద్దముక్కతో పరీక్షింపవచ్చును. ముందు టైరు మీదను వెనుక టైరు మీదను ఒక్కొక్క గీత గీయుడు. గట్టి రోడ్డుమీద కాక, ఎండిన చదునైన చేనిలో బండిని తిన్నగా నడుపుడు. ముందు ఇరుసును కలుపక, వెనుక చక్రము 20 చుట్లు తిరుగులోపల ముందు చక్రము ఎన్ని చుట్లు తిరిగెనో లెక్కింపుడు, 30 అనుకొందము. తరువాత ముందు ఇరుసును కలిపి, మఱల వెనుక చక్రము 20 చుట్లకు లెక్కింపుడు; 31 అనుకొందము. ఒక చుట్టు హెచ్చు. అనగా 30కి 1, నూటికి 3 వంతులకు పైగా ముందడుగు కలదు. ఇది ఆరోగ్యము. ఇపుడు వెనుక 13.6 తీసి 14.9 వేసితిమి. వెనుక చక్రము 20 చుట్లలో పోవు దూరమునకు ముందు చక్రము స్వేచ్ఛగా దొర్లిన 31¼ చుట్లు తిరుగవలయును. కాని ఇరుసు పండ్లు దానిని 31 చుట్లే త్రిప్పును. లాగవలసిన చక్రము ఇపుడు బ్రేకువలె అడ్డుపడును. 16.9 వేసినచో దాదాపు 33 చుట్లు తిరుగవలసినది 31 తోనే నిలిచిపోవును. రెండు ఇరుసులును ఒకదానితో నొకటి పెనుగులాడును. బురదలో చక్రములు జారును గనుక పెనుగులాట మఱుగుపడును. గట్టినేలపై జారుటకు వీలులేక ఆ బలమంతయు పండ్లమీద పడును. ముందు టైర్లు అరుగును, ముందు ఇరుసు పండ్లు విఱుగును. ముందు ఇరుసును కలిపి రోడ్డుమీద నడుపరాదని పుస్తకములు చెప్పుటకు కారణము ఇదే. టైర్లు సరిపడని బండికి ఈ నియమము మఱింత ప్రాణము.

కావున ఇట్టి ట్రాక్టరునకు టైర్లు మార్చదలచినవారు ముందు జతయు వెనుక జతయు కలిపి, పట్టికలో ఒకే వరుసన చూపిన కొలతలనే వేయవలయును. అరిగిపోయిన ముందు టైర్లుండగా వెనుకకు మాత్రము క్రొత్తవి వేయుటయు చిన్న పాళమున ఇదే తప్పు.

పైరుమీద పడు ప్రభావము

ఇంతవఱకు చెప్పినది ఇనుముమీద పడు నష్టము. పైరుమీద పడు నష్టము కూడ కలదు. దీనిని తలచువారు తక్కువ. రోటవేటరును, మందు చల్లు పంపును త్రిప్పు పి.టి.ఓ. షాఫ్టు ఇంజను వేగమును అనుసరించి తిరుగును. టైరు కొలతతో దానికి సంబంధము లేదు. టైరు పెరిగినపుడు బండి మాత్రము త్వరగా పోవును.

పి.టి.ఓ. నిమిషమునకు 540 చుట్లు తిరుగుచుండగా బండి 50 మీటర్లు పోవుచున్నదనుకొందము. ఒక్కొక్క చుట్టుకు బండి 9¼ సెంటీమీటర్లు సాగును. టైరు నూటికి 9½ వంతులు పెరిగినచో అదే గేరులో ఒక్కొక్క చుట్టుకు 10 సెంటీమీటర్లు దాటును. ప్రతి కత్తివ్రేటునకు తెగు మట్టి దళసరియగును, గడ్డలు పెద్దవగును. విత్తనము సమముగా మొలవలేదని విత్తనము నమ్మినవానిని నిందింతుము.

మందు చల్లుట ఇంతకంటె ముఖ్యము. ఎకరమునకు 200 లీటర్ల ద్రావణము పడునట్లు పాత టైర్లతో సరిచూచుకొన్న యంత్రము, పై మార్పు తరువాత అదే గేరులో 183 లీటర్ల లోపే చల్లును. పురుగు చావలేదని మందును తిట్టుదుము. టైరు మార్చిన దినముననే చల్లు యంత్రమును మఱల సరిచూచుకొనుట విధి. తన చక్రముతోనే గింజను వదలు విత్తన యంత్రమునకు మాత్రము ఈ దోషము అంటదు.

ఎదురు వాదములు

"తక్కువ గేరులో నడిపిన చాలదా?" అని కొంద ఱడుగుదురు. కొంతవఱకు చాలును. కాని మునుపు రెండవ గేరులో చేసిన దుక్కిని ఇపుడు మొదటి గేరులో చేయుదుము. మునుపు మొదటి గేరులో చేసిన పనికి ఇపుడు గేరే లేదు. పైగా గేరుబాక్సులో తగ్గించి తెచ్చిన బలమంతయు క్రౌన్ పినియను పండ్లమీదుగానే పోవలయును. టైరు పెద్దదైనకొలది, అదే లాగుడునకు ఆ పండ్లును, ఇరుసు షాఫ్టులును మోయు భారము హెచ్చును. గేరు తగ్గించిన ఇంజను సుఖపడును గాని ఇరుసు సుఖపడదు.

"పొరుగువాడు రెండేండ్లనుండి నడుపుచున్నాడు, ఏమియు కాలేదు" అని మఱికొందఱు. పొరుగువాడు ఎండునేలలో గడ్డి తోలుచుండవచ్చును. మఱియు ఈ నష్టము టైరు పేరిట రాదు. క్లచ్చి పలకలు ముందుగా అరుగును. ఆ బిల్లుమీద క్లచ్చి అని వ్రాసియుండును. హబ్బు బేరింగులు పోవును; బిల్లుమీద బేరింగని వ్రాసియుండును. బ్రేకు పట్టు కూడ టైరు ఎత్తు పెరిగిన పాళముననే తగ్గును; ధాన్యపు బస్తాలతో నిండిన ట్రక్కు వెనుకనుండి త్రోయుచుండగా కాలువవంతెన దిగునపుడు ఆ తగ్గుదల ఎంతటిదో తెలియును. దాని బిల్లు కాగితముమీద వచ్చునది కాదు.

"దమ్ములో దిగబడుచున్నది, మఱి ఏమి చేయుదుము?" అనువారి మాట న్యాయమైనది; దానికి సమాధానము చెప్పవలయును. పెద్ద టైరు బరువును ఎక్కువ నేలమీద పఱచును, మేలు నిజమే. కాని ఆ మేలును ఎత్తు పెంచకయే కొంత పొందవచ్చును. చేలో దిగునపుడు గాలిని కంపెనీ పట్టిక చెప్పిన కనిష్ఠమునకు తగ్గించి, రోడ్డెక్కునపుడు మఱల నింపుట మొదటి ఉపాయము. దీనికి ఖర్చు గాలిపంపు మాత్రమే. టైరు ప్రక్కన సగము వెడల్పు ఇనుప దమ్ము చక్రములు బిగించుట రెండవది. ఇవి టైరుకంటె ఎత్తు తక్కువగా నుండి, టైరు దిగినపుడే నేలను పట్టును. రోడ్డెక్కుటకు ముందు వీనిని తప్పక విప్పవలయును. అనవసరపు బరువులను తీసివేయుట మూడవది. ఈ మూడును చేసి చాలనపుడే పెద్ద టైరు తలంపు సమంజసము.

చట్టము మాట కూడ చెప్పవలసియున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించెను. పట్టికలో లేని టైరు వేసిన బండికి ప్రమాదము జరిగినచో, బీమా సొమ్మునకు వివాదము వచ్చుటకు మనమే త్రోవ చేసినవారమగుదుము.

సంఘములు చేయదగిన పని

సంఘపు సొమ్ము సభ్యులందఱి సొమ్ము. టైర్ల కొఱకు అప్పు తీసికొన్న సభ్యుని బండి, కాలువకు నీరు వదలిన పది దినములలోనే షెడ్డున పడినచో, ఆతని దమ్ము ఆలస్యమగును, నాట్లు ఆలస్యమగును, కిరాయి పోవును, వాయిదా తప్పును. ఆ నష్టము ఆతని యింటితో ఆగదు. కావున మూడు సూచనలు చేయుచున్నాను.

మొదటిది: టైర్ల అప్పు దరఖాస్తులో పాత టైరు కొలత, క్రొత్త టైరు కొలత, నూటికి ఎంత మార్పు, కంపెనీ పట్టికలో ఆ కొలత కలదా లేదా అను నాలుగు సంగతులు వ్రాయింపవలయును. అయిదు వంతులు మించిన మార్పునకు, పట్టికలో చూపిన యాధారము లేనిదే అప్పు ఈయరాదు. జీపు విషయమున క్రౌన్ పినియను ఖర్చును టైర్ల ఖర్చుతో కలిపియే అప్పును లెక్కింపవలయును; టైర్లకు మాత్రమే ఇచ్చుట సగము వంతెన కట్టుటకు ఇచ్చుట వంటిది.

రెండవది: గోదాము ముంగిట చదునైన నేలమీద ఒక కొలగీత గీయింపవలయును. టైరుపై సుద్దగీత గీచి, బండిని ఒక్క చుట్టు దొర్లించిన ఎంత దూరము పోయెనో అచ్చట ఎవరైనను కొలుచుకొనవచ్చును. దుకాణములో నిలువబెట్టిన టైరు కొలత బరువు పడని కొలత. క్రొత్త టైరు నిజమైన కొలత తెలియవలెనన్న, అదే టైరు వేసిన సభ్యుని బండిని ఆ గీతమీద దొర్లించి చూడవలయును.

మూడవది: సభ్యుల ట్రాక్టరుల మోడలు, టైర్ల కొలతలు, చుట్టుకొలతలు, ముందడుగు లెక్క, వచ్చిన మరమ్మతులు ఒక పుస్తకములో వ్రాసి యుంచవలయును. నాలుగేండ్లకు ఆ పుస్తకము ఏ దుకాణదారుడును చెప్పలేని సత్యమును చెప్పును. ఏ టైరు ఏ నేలకు తగెనో, ఏది ఎవరి ఇరుసును విఱిచెనో అందు కనబడును.

ఎడ్లను కొనునపుడు పండ్లు చూడక కొన్న రైతు లేడు. ఇనుప ఎద్దునకును పండ్లు కలవు. అవి ఇరుసు పెట్టెలో దాగియున్నవి, అంతే భేదము. వానిని లెక్కించుటకు ఒక సుద్దముక్క, ఒక కొలతబద్ద, ఒక జాము తీఱిక చాలును. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ మూడు సూచనలను సభ్యులు చర్చింతురుగాక యని కోరుచున్నాను.